అమ్మకి అడిస్ అబాబాలో ఉద్యోగం

“ఆ పెట్టె పైకి తీసుకెళ్తావా, నన్ను తీసుకెళ్లి పెట్టమంటావా?”

శ్రీలేఖ మెట్ల దగ్గర నిలబడి అడిగింది. నీలం సూట్‌కేసు నిన్న సాయంత్రం నుంచీ మొదటి మెట్టుకి ఆనించే ఉంది. ఇంట్లో అందరూ దాన్ని తప్పుకుని నడుస్తున్నారే గాని, ఎవరూ ముట్టుకోవడం లేదు.

“అడ్డంగా ఉందా?” అంది గిరిజాకుమారి వంటింట్లో కొత్తిమీర తుంచుతూ.

“అడ్డంగానే ఉంది.”

“అయితే కాస్త పక్కకి జరుపు. పైకి మాత్రం ఎక్కించకు. మళ్లీ దింపాలంటే నా మోకాళ్లు ఒప్పుకోవు.”

“మెట్లు దిగలేని మనిషివి, కొండల మీద ఊళ్లో ఉద్యోగం చేస్తావా?”

“పెట్టెలు మొయ్యడం నా ఉద్యోగం కాదు కదే. మనుషుల్ని తిప్పడం.”

శ్రీలేఖ సూట్‌కేసుని జరపలేదు. అలా వదిలేసి వంటింట్లోకి వచ్చి అల్మారా తలుపు తెరిచి, ఏం తీయడానికి తెరిచిందో మరిచిపోయి, గట్టిగా మూసింది.

పోయిన ఆదివారం పప్పులో నెయ్యి వేసుకుంటూ, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా గిరిజాకుమారి ఆ మాట చెప్పింది. “నాకు అడిస్ అబాబాలో ఉద్యోగం వచ్చింది. వెళ్దామనుకుంటున్నాను.” అరవై దాటిన మనిషికి ఉద్యోగమేమిటని అల్లుడు గిరీష్ పకపకా నవ్వాడు. కూతురు నవ్వలేదు. ఆ రోజు నుంచి డబ్లిన్ శివార్లలో ఉన్న ఆడమ్స్‌టౌన్‌లోని ఆ ఇంట్లో అవసరానికి మించి ఎవరూ మాట్లాడుకోలేదు.

ఉద్యోగం ఇచ్చినవాడు బెరెకెట్. శ్రీలేఖ చిన్నతనంలో గిరిజాకుమారి ఆరేళ్ల పాటు అడిస్‌లో లెక్కల టీచరుగా పనిచేసింది. అప్పటి శిష్యుడు అతను. ఇప్పుడు విమానాశ్రయానికి దగ్గర్లో గెస్ట్‌హౌస్ నడుపుతున్నాడు. విమానం మారడానికి దిగి, రెండు మూడు రోజులు ఆగి ఊరు చూసి వెళ్లే భారతీయులు ఎక్కువయ్యారట. వాళ్లకి ఊరిని పరిచయం చేసే మనిషి కావాలి. టీచరైతే బాగుంటుందని అతనికి తట్టింది.

“ఇవాళ అతన్ని భోజనానికి పిలిచానని నాకు ఇవాళ పొద్దున చెప్తావా?” అంది శ్రీలేఖ.

“నిన్న చెప్తే నిన్నటి నుంచే మొహం మాడ్చుకుని తిరిగేదానివి. పాపం, డబ్లిన్‌లో చెల్లెలింటికి వచ్చాడు. మనింటికి రాకుండా పొమ్మంటానా?”

“నీ బీపీ సంగతి అతనికి తెలుసా? డాక్టర్ని అడిగావా అసలు?”

“అడిగాను.”

“ఏమన్నాడు?”

“గ్రాండ్ అన్నాడు.”

“ఇక్కడివాళ్లు ‘ఫరవాలేదు’ అనడానికి అన్నిటికీ గ్రాండే అంటారమ్మా!”

గిరిజాకుమారి కొత్తిమీర గిన్నెలో వేసి చేతులు దులుపుకుంది. “మంచిదేగా. వినసొంపైన మాట.”

*

గిరీష్ వరంగల్ వాడు. ఇద్దరు కృష్ణా జిల్లా ఆడవాళ్ల మధ్య సంసారం చేస్తున్నానని స్నేహితులకి చెప్పుకుని నవ్వుతుంటాడు. ఇవాళ మాత్రం నవ్వు రావడం లేదు. వెనక పెరట్లో, సన్నటి తుంపరలో చెత్త డబ్బాలు సర్దుతున్న నెపంతో నిలబడితే భార్య అక్కడికీ వచ్చింది.

“నువ్వు ఒక్క మాటైనా అనవేం? అల్లుడు వద్దంటే ఆగుతుంది.”

“నేనెందుకు వద్దంటనే? అత్తమ్మను మనం బాగ చూసుకుంటలేమా అని నేను గూడ నిద్ర లేకుండ ఆలోచించిన. చూసుకుంటున్నం. మరి ఆమెకు పోవాలనిపించింది.”

“అనిపిస్తే వెళ్లిపోవడమేనా?”

“లేఖా, నువ్వు నన్ను చేసుకుంటనని మీ నాన్నకు చెప్పినప్పుడు ఇదే ముచ్చట అడిగిన్రు గదా.”

శ్రీలేఖ అతని వైపు చూసిన చూపుకి గిరీష్ డబ్బా మూత సరిగ్గా పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాడు.

“యోగితని బడికి ఎవరు దింపుతారు అని అడగడం లేదు నేను. అది నేను చూసుకుంటాను,” అంది శ్రీలేఖ గొంతు తగ్గించి. “అతను రానీ. తిన్నాక నేనే చెప్తాను. మా అమ్మ రాదు అని.”

లోపల బెల్లు మోగింది.

*

బెరెకెట్ స్టేషన్ నుంచి వానలో నడిచి వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, పొడుగ్గా, బట్టతల, చేతిలో గుడ్డలో చుట్టిన పెద్ద పళ్లెం. గిరిజాకుమారిని చూడగానే పళ్లెం గిరీష్ చేతిలో పెట్టి, నడుము దాకా వంగి, ఆవిడ బుగ్గలకి బుగ్గలు ఆనించి అటూ ఇటూ మూడుసార్లు పలకరించాడు.

“టీచర్!”

“ఎంత లావయ్యావురా!” అంది ఆవిడ తెలుగులోనే. తర్వాత ఇంగ్లీషులోకి మారింది. అతనితో మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి, మధ్యమధ్య అక్కడి భాష అమ్హారిక్ ముక్కలతో. తల్లి నోట ఆ భాష వినడం శ్రీలేఖకి అదే మొదటిసారి. ఇంట్లోకి ఎవరో కొత్త మనిషి వచ్చినట్టు అనిపించింది.

పదేళ్ల యోగిత కామోగీ ఆట ప్రాక్టీసు నుంచి వచ్చి, మట్టి సాక్సులతోనే అతని ముందు నిలబడింది. “ఆర్ యూ ద మ్యాన్ హూ ఈజ్ టేకింగ్ మై అమ్మమ్మ?”

గిరీష్ పళ్లెం తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టాడు.

“నేను అడిగానంతే,” అన్నాడు బెరెకెట్. “మీ అమ్మమ్మని ఎవరైనా ఎక్కడికైనా తీసుకెళ్లగలరంటావా?”

యోగిత కాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపింది.

శ్రీలేఖ అతని ఎదురుగా కూర్చుంది. ఆఫీసులో ఇంటర్వ్యూలు చేసే అలవాటుంది ఆమెకి. “మా అమ్మ అక్కడి నుంచి వచ్చేసి ఇరవై ఏళ్లు దాటింది. ఈ పనికి మీ ఊళ్లో కుర్రవాళ్లు దొరకరా?”

“దొరుకుతారు. నలుగురిని పెట్టాను.”

“మరి?”

అతను జవాబు చెప్పేలోపే గిరీష్ మధ్యలోకి దూరాడు. గొడవ ముదిరే ముందు ఏదో ఒకటి చెయ్యాలనిపించింది అతనికి. “ఒక పని చేద్దాం. ఉత్త మాటలెందుకు? అత్తమ్మా, మేమే విజిటర్లం అనుకోండి. మీ ఊరు మాకు చూపించండి. నచ్చితే పాస్. లేకపోతే పెట్టె పైకి పోతది.”

శ్రీలేఖ ఏదో అనబోయింది. యోగిత అప్పటికే సోఫాలో బెల్టు పెట్టుకున్నట్టు చేతులు కట్టుకుని కూర్చుంది.

గిరిజాకుమారి లేచి కార్డిగన్ గుండీలు పెట్టుకుంది. గొంతు సవరించుకుంది. మోకాళ్ల సంగతి మరిచిపోయినట్టు నిటారుగా నిలబడి, బెరెకెట్‌కీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

“సరే. దిగారు. ఇది విమానాశ్రయం. మొదటి మాట, ఎవ్వరూ పరుగెత్తొద్దు. ఊరు బాగా ఎత్తు మీద ఉంటుంది. హుషారుగా నడిస్తే మొదటి మలుపులోనే ఆయాసం వస్తుంది. వస్తే అది గుండెపోటు కాదు. మనవాళ్లు సగం మంది అక్కడే ఇంటికి ఫోన్ చేసి ఏడుస్తారు.”

“నేను ఏడుస్తలేను,” అన్నాడు గిరీష్ పెళ్లినడక నడుస్తూ.

“రెండో మాట. డ్రైవరు రేపు పొద్దున రెండు గంటలకి వస్తానంటాడు. బెంబేలు పడొద్దు. మన ఎనిమిదింటికి వస్తాడు. వాళ్లకి రోజు సూర్యుడితో మొదలవుతుంది. మన ఏడు వాళ్లకి ఒంటిగంట.”

“సో స్కూల్ స్టార్ట్స్ అట్ త్రీ?” యోగిత కళ్లు పెద్దవి చేసింది. “దట్స్ సూపర్!”

“మూడోది, మనవాళ్ల అసలు భయం. తిండి. మనవాళ్లు పెట్టె నిండా మరమరాలు, ఆవకాయా తెస్తారు. అక్కర్లేదు. బుధవారం, శుక్రవారం అక్కడ ఉపవాసం. అంటే మానెయ్యడం కాదు. మాంసం, పాలు, గుడ్డు తినరు. ఏ హోటల్లోకి వెళ్లినా పప్పులు, కూరలు, శనగపిండి పులుసులాంటి షిరో. కింద మన పుల్లట్టులాంటి ఇంజెరా. అందరికీ కలిపి ఒకటే పళ్లెం. ఎంగిలి అని మొహం చిట్లించారో, నేను మీతో మాట్లాడను.”

ఆవిడ టీవీ పక్క నుంచి కిటికీ దాకా నడిచింది. అటు ఎత్తులో ఉన్న పియాస్సా పేట, పాత సినిమా హాళ్లు, బంగారం కొట్లు. ఇటు మర్కాటో, ఎంత పెద్ద సంతంటే అందులో తప్పిపోయినవాళ్లు పెళ్లి చేసుకుని పిల్లల్ని కని బయటికి వస్తారని ఊళ్లో హాస్యం. సంచి ఎప్పుడూ కడుపు మీదే ఉండాలి. కాఫీ అడిగితే ముందు గింజలు తెచ్చి మీ ఎదుటే వేయిస్తారు, ఆ పొగని చేత్తో మొహం మీదికి తోసుకోవాలి. ఒక కప్పు తాగి లేచిపోతే ఇంటావిడకి కోపం. మూడు తాగాలి.

తల్లి చేతులు గాలిలో వీధులు గీస్తుంటే శ్రీలేఖ తెలియకుండానే ముందుకి వంగి వింటోంది. ఇంత కాలంలో అమ్మ ఇన్ని మాటలు వరసగా మాట్లాడటం ఎప్పుడు విన్నాను? ఉదయం బడి, మధ్యాహ్నం టీవీ, సాయంత్రం కుక్కర్. మాటలన్నీ ఎక్కడ దాచుకుంది?

“ఇప్పుడు మా పేటకి వెళ్దాం, కజాంచిస్,” అంది గిరిజాకుమారి గొంతు తగ్గించి. “రండి, కాలవ దాటి ఎడమకి. వరండాలో కుట్టుమిషన్లు పెట్టుకున్న ఇద్దరు అన్నదమ్ములు. పక్కన రేకుల గేటు. అదే మా ఇల్లుగలావిడ అల్మాజ్ ఇల్లు. వెనక గది నాది. వాన పడితే రేకు మీద...”

ఆవిడ బెరెకెట్ వైపు చూసి ఆగింది. అంతసేపూ నవ్వుతున్న అతను నవ్వడం లేదు.

“ఏమిటి? ఎడమకి కాదా?”

“ఎడమకే, టీచర్.” అతను ఫోన్ తీశాడు. కాస్త తటపటాయించి ఆవిడకి అందించాడు. “పోయిన నెల నేనే తీశాను.”

అందరూ వెనక చేరి చూశారు. వెడల్పాటి నల్లటి రోడ్డు. పక్కన సైకిళ్లకి వేరే దారి. వరసగా కొత్త దీపస్తంభాలు, నీళ్లు చిమ్ముతున్న ఫౌంటెన్. వెనక ఆకాశంలోకి లేస్తున్న అద్దాల మేడలు, వాటి మీద క్రేన్లు.

“ఇదేం ఊరు?” అంది గిరిజాకుమారి.

“మీ వీధే, టీచర్. పాత ఇళ్లన్నీ తీసేశారు. ఊరంతా అలాగే మారుతోంది. అల్మాజ్‌కి ఊరి చివర అపార్ట్‌మెంట్ ఇచ్చారు. ఐదో అంతస్తు. లిఫ్టుని తిడుతూ ఉంటుంది. బాగానే ఉంది.”

గిరిజాకుమారి వీడియో మళ్లీ చూసింది. రేకుల గేటు ఎక్కడుండాలో అక్కడ వేలు పెట్టింది. స్క్రీన్ మీద వేలు తగలగానే బొమ్మ ఆగిపోయింది.

“సో హౌ విల్ యూ షో పీపుల్, అమ్మమ్మా?” అంది యోగిత మెల్లగా. “ఇఫ్ ఇట్స్ నాట్ దేర్?”

బయట ఎక్కడో పిల్లలు బంతి తన్నుతున్న చప్పుడు.

శ్రీలేఖ తల్లి చేతిలోంచి ఫోన్ తీసుకుని బెరెకెట్‌కి ఇచ్చేసింది. ఓదార్చాలనే అనుకుంది. కానీ నోట్లోంచి వచ్చింది వేరు.

“చూశావా అమ్మా. నువ్వు వెళ్దామనుకున్న ఊరే అక్కడ లేదు. ఇంక వదిలెయ్.”

“ఊరు లేకపోవడమేమిటే? నాకు తెలియని ఊరు ఉంది.”

“అంటే ఇంకా వెళ్తానంటావు!”

“లేఖా, జెర ఆగు...” అన్నాడు గిరీష్.

“ఆగను. ఒకసారి ఆగాను, చాలు.” శ్రీలేఖ లేచి నిలబడింది. తెలుగులో మాట్లాడుతోంది గనక బెరెకెట్‌కి తెలియదన్న ధైర్యం. “పదేళ్ల దాన్ని, ఇదిగో ఈ యోగితంత, విజయవాడ హాస్టల్లో పడేసి వెళ్లావు. నాన్నకి బ్యాంకులో ట్రాన్స్‌ఫర్ల మీద ట్రాన్స్‌ఫర్లు. ఆదివారం అందరి అమ్మలూ క్యారేజీలు తెచ్చేవాళ్లు. మా అమ్మ ఫారిన్‌లో ఉందని గొప్పగా చెప్పి, బాత్రూమ్‌లోకెళ్లి ఏడ్చేదాన్ని. ఆ ఊరు ఒకసారి మా అమ్మని తీసుకుపోయింది. మళ్లీ తీసుకుపోతానంటే, రండి కూర్చోండి అని భోజనం పెట్టమంటావా?”

గిరిజాకుమారి కార్డిగన్ గుండీలు విప్పి సోఫాలో కూర్చుంది.

“ఇంటి కోసం వెళ్లానని నీకు చెప్తూ వచ్చాను,” అంది. “అది సగమే. నాకు వెళ్లాలనిపించింది. గుడివాడ దాటి ఎరగని దాన్ని, లెక్కలు చెప్పడానికి సముద్రాలవతల నుంచి పిలుపొస్తే నాకు కాళ్లు నిలవలేదు. వెళ్లాను. నీ మీద బెంగతో వెళ్లాను, సంతోషంగానూ వెళ్లాను. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఒకటి దాచడం నాకు చేతకాదు ఇక.”

క్షమించమని అడిగితే ఏమనాలో శ్రీలేఖ ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకుంది. అమ్మ అది అడగలేదు.

*

బెరెకెట్ కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నాడు. అతనికి మాటలు తెలియకపోయినా, దేని గురించో తెలిసినట్టే ఉంది.

“మీకొక మాట చెప్పాలని పాతికేళ్లుగా ఉంది,” అన్నాడు శ్రీలేఖతో. “మా క్లాసు మొత్తం మిమ్మల్ని అసహ్యించుకునేది.”

“నన్నా?” శ్రీలేఖ ఆశ్చర్యపోయింది. “నేనెవరో మీకు తెలియదే!”

“తెలియకపోవడమేమిటి? ఏ లెక్క తప్పినా టీచర్ ఒకటే మాట. ‘మా లేఖ ఇది నిద్రలో చేస్తుంది.’ త్రికోణమితి రాకపోతే, ‘మా లేఖ మీకంటే రెండేళ్లు చిన్న.’ నా పక్కన కూర్చునే యోనాస్ మీ బొమ్మ గీశాడు. పెద్ద కళ్లద్దాలు, రెండు జడలు, నోట్లో చాక్‌పీస్. దాని మీద బాణాలు వేసేవాళ్లం.”

గిరీష్‌కి ముందు నవ్వు వచ్చింది. ఆపుకోవాలని చూసి ఆపుకోలేకపోయాడు.

“లెక్కల్లోనా? నేనా?” శ్రీలేఖ తల్లి వైపు తిరిగింది. “అమ్మా! నాకు లెక్కల్లో ముప్ఫై ఐదు వచ్చిందంటే వార్డెన్ లడ్డూలు పంచేది!”

“వాళ్లకి తెలియదుగా,” అంది గిరిజాకుమారి నేల మీంచి చూపు ఎత్తకుండా.

“ఇప్పటికీ హోటల్ బిల్లు నలుగురికి పంచాలంటే నాకే ఇస్తది!” అన్నాడు గిరీష్ కళ్లు తుడుచుకుంటూ.

“అబద్ధమా?” యోగిత ఇంగ్లీషు చేసి చెప్పగానే బెరెకెట్ నిజంగానే నివ్వెరపోయాడు. “టీచర్, మీ అమ్మాయిని దాటాలని నేను రెండేళ్లు తెల్లవారుజామున లేచి చదివాను!”

“అందుకేగా పాసయ్యావు.”

శ్రీలేఖ పెదాలు బిగబట్టుకుంది. కోపం నిలబెట్టుకోవాలని చాలా కష్టపడింది. కానీ రెండు జడలు, చాక్‌పీస్, బాణాలు కళ్ల ముందు ఆడుతున్నాయి. హాస్టల్ బాత్రూమ్‌లో ఒక పిల్ల ఏడుస్తున్న రోజుల్లోనే, ఎక్కడో ఎత్తయిన ఊళ్లో ఒక తరగతి గది నిండా ఆ పిల్ల పేరు మోగుతూ ఉందన్నమాట. నవ్వు వచ్చేసింది. నవ్వుతో పాటు కళ్లలో నీళ్లు కూడా.

“చల్లారిపోతోంది, తిందాం,” అన్నాడు బెరెకెట్.

గుడ్డ విప్పితే వెడల్పాటి ఇంజెరా మీద కుప్పలు కుప్పలుగా పప్పు, క్యాబేజీ, షిరో. గిరిజాకుమారి చేసిన గుత్తివంకాయ కూడా తెచ్చి మధ్యలో పెట్టారు. ఐదుగురూ ఒకటే పళ్లెం చుట్టూ చేరారు. గిరీష్ ఒక ముక్క తిని, “అరె, ఇది మా అమ్మ పులియబెట్టి మరిచిపోయిన దోసెపిండే!” అన్నాడు.

గిరిజాకుమారి ఇంజెరా తుంచి, అందులో కాస్త షిరో, కాస్త వంకాయ పెట్టి చుట్టింది. దాన్ని శ్రీలేఖ నోటి ముందుకి చాపింది.

“గుర్షా,” అన్నాడు బెరెకెట్. “ఇష్టమైన వాళ్లకి చేత్తో పెట్టే ముద్ద. వద్దనకూడదు.”

ఆ చెయ్యి గాలిలోనే ఉంది. శ్రీలేఖ నోరు తెరవలేదు. గిరీష్ నమలడం ఆపాడు.

“మమ్, జస్ట్ ఈట్ ఇట్,” అంది యోగిత.

శ్రీలేఖ తిన్నది. పుల్లగా, కారంగా ఉంది. ముద్ద మరీ పెద్దది కావడంతో కాసేపు మాట్లాడే వీలు లేకపోయింది. అదీ మంచిదే అయింది.

*

వెళ్లేముందు గుమ్మం దగ్గర బెరెకెట్ శ్రీలేఖ అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాడు.

“కుర్రవాళ్లు ఎందుకు చాలరని అడిగారు. వీధులు వాళ్లకి తెలుసు. నిజానికి వాళ్లూ ఆర్నెల్లకోసారి కొత్తగా నేర్చుకుంటున్నారు, నేను కూడా. టీచర్‌కీ నేర్పుతాం. కానీ మీ దేశం నుంచి మొదటిసారి దిగిన మనిషి గేటు దగ్గర నిలబడి దేనికి భయపడుతున్నాడో మా వాళ్లకి తెలియదు. ఆవిడకి తెలుసు. ఆవిడా ఒకరోజు అలాగే ఒంటరిగా నిలబడ్డారు.”

కోటు తొడుక్కుంటూ మళ్లీ అన్నాడు. “అక్టోబరు చివర్లో రాజమండ్రి నుంచి పెద్ద బృందం వస్తోంది. అందరూ రిటైరైనవాళ్లు. ఈ బుధవారం లోపల చెప్తే చాలు.”

గిరీష్ అతన్ని స్టేషన్ దాకా దింపడానికి గొడుగు పట్టుకుని వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గరి సూట్‌కేసుకి తన్నుకుని తూలి, దానికి సారీ చెప్పాడు.

తల్లీ కూతుళ్లు గిన్నెలు కడుగుతూ నిలబడ్డారు.

“నన్నెప్పుడూ అక్కడికి ఎందుకు తీసుకెళ్లలేదు?” అంది శ్రీలేఖ.

“రమ్మన్నాను. రెండో ఏడు వేసవి సెలవులకి. నాన్న పాస్‌పోర్ట్ కూడా తీయించారు. నువ్వు రానన్నావు.”

“నేనా?”

“ఫోన్‌లో అన్నావు. ‘ఆ ఊరు నాకక్కర్లేదు, నువ్వే రా’ అని. గట్టిగా అరిచావు. అల్మాజ్ అవతల గదిలోంచి విని, ఎవరా పిల్ల, మంచి గొంతు అంది.”

శ్రీలేఖకి గుర్తొచ్చింది. వార్డెన్ గదిలో నల్ల ఫోన్, చెమట పట్టిన అరచెయ్యి. తర్వాత వారమంతా అమ్మ మళ్లీ అడుగుతుందని ఎదురుచూడటం.

“మళ్లీ ఒకసారి అడగొచ్చుగా.”

“అడగొచ్చు.” గిరిజాకుమారి కడిగిన గిన్నె బోర్లించింది. “నీ పట్టుదల నాదే అని అప్పుడు తెలియదు నాకు.”

ఒక గిన్నె, ఇంకో గిన్నె. శ్రీలేఖ తుడిచే గుడ్డ భుజం మీద వేసుకుంది.

“యోగితకి మిడ్‌టర్మ్ సెలవులు అక్టోబరు చివర్లోనే.”

“అవును.”

“ఆ రాజమండ్రి వాళ్లకంటే ముందు మాకు చూపించు. మేం పాస్ అంటేనే.”

“నాకే తెలియదు కదే ఆ ఊరు ఇప్పుడు! ఫౌంటెన్‌లట, సైకిళ్లట.”

“ఇద్దరం తప్పిపోదాం. యోగిత ఫోన్‌లో దారి చూస్తుంది.”

పైనుంచి యోగిత ఎప్పుడు దిగిందో, తలుపు పక్క నుంచి కేక పెట్టింది. “ఆర్ వీ గోయింగ్? సీరియస్లీ?” గిరీష్ కూడా తడిసిన గొడుగుతో అప్పుడే లోపలికి వచ్చాడు. సంగతి విని, “మరి నేను గూడ వస్తున్ననా, లేకుంటే నాకు హాస్టలా?” అన్నాడు. అనగానే నాలుక్కరుచుకున్నాడు. కానీ శ్రీలేఖ నవ్వింది, గిరిజాకుమారి కూడా. హాస్టల్ మాట మీద ఆ ఇంట్లో తల్లీ కూతుళ్లిద్దరూ కలిసి నవ్వడం మొదటిసారి.

శ్రీలేఖ డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచింది. డబ్లిన్ నుంచి అడిస్. తేదీలు. యోగిత భుజం మీద నుంచి వంగి చూస్తోంది.

“నలుగురికీ రిటర్న్ టికెట్లు తీస్తున్నాను,” అంది శ్రీలేఖ. “ఆదివారం వెళ్లి, పై ఆదివారం వచ్చేస్తాం.”

గిరిజాకుమారి కుర్చీ లాక్కుని కూతురి పక్కన కూర్చుంది. కళ్లద్దాలు పెట్టుకుని తెర వైపు తీరిగ్గా చూసింది. తర్వాత, పప్పులో నెయ్యి వేసుకుంటున్నంత మామూలుగా అంది.

“మూడు రిటర్న్‌లు తియ్యవే. నాది వెళ్లడానికి మాత్రమే.”

శ్రీలేఖ వేలు మీట మీదే ఆగిపోయింది.